మూడో ఆదివారం కోసమైనా చేరొచ్చు

ఉర్దూ కవిత్వంలో భక్తి, ప్రకృతి అని పోస్టర్ చూసి ఈ ఆన్‌లైన్ క్లాసుల్లో చేరాను. ఆరు ఆదివారాలు, పూటకు గంటన్నర, ఫీజు 1800. నాకు లిపి రాదు, హైదరాబాద్‌లో పెరిగినందుకు వింటే మాత్రం ముప్పాతిక అర్థమవుతుంది.

మొదటి రెండు క్లాసులు దండగ. గులాబీ అంటే దేవుడు, బుల్‌బుల్ అంటే భక్తుడు అని ఎక్కాల్లా అప్పజెప్పించారు, ఎవరో మైకు ఆపకపోతే కుక్కర్ విజిళ్ళు కూడా లెక్కపెట్టాను.

మూడోది వేరే లెవెల్. లక్నో దగ్గర కాకోరికి చెందిన మొహ్సిన్ కాకోర్వీ (1905లో పోయారు) మహమ్మద్ ప్రవక్తను పొగుడుతూ రాసిన కసీదా, అంటే స్తుతి కావ్యం, ఎలా మొదలవుతుందో తెలుసా, "సిమ్త్-ఎ-కాశీ సే చలా జానిబ్-ఎ-మథురా బాదల్" అని! కాశీ వైపు నుంచి మబ్బు మథురకు బయల్దేరింది, మెరుపు భుజం మీద పెట్టి గాలి గంగాజలం మోసుకొస్తోంది, అచ్చం కావడిలాగే. ప్రవక్త స్తుతిలో కాశీ, మథురలేంటి అని అడిగితే మా సార్ నలభై నిమిషాలు దాని మీదే ఉండిపోయారు. కసీదా మొదట్లో తష్బీబ్ అని ఒక భాగం ఉంటుందట, అక్కడ వానో వసంతమో ఏదైనా వర్ణించుకోవచ్చు, ఆ తర్వాత గురేజ్ అనే మలుపు దగ్గర అసలు స్తుతిలోకి తిరగాలి. ఆ మలుపు చదివి వినిపించినప్పుడు చాట్‌లో ఒక్కరూ టైప్ చేయలేదు.

మీర్ అనీస్ అనే కవి రాసిన మర్సియా, అంటే కర్బలా యుద్ధంలో చనిపోయిన ఇమామ్ హుసేన్ మీద శోకగీతం, కూడా బాగా చెప్పారు. కర్బలాలో తెల్లవారుతుంటే ఎడారి ఒడి నిండా మంచు ముత్యాలు, పక్కనే గుడారాల్లో పిల్లలకు గుక్కెడు నీళ్ళుండవు.

నా కోపమల్లా దక్కనీ, అంటే మన దక్కన్ వైపు ఉర్దూ, గురించే. చివరి క్లాసులో చివరి ఇరవై నిమిషాలు! హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా మృగ్ మీద, అంటే మన మిరుగు (మృగశిర కార్తె) మీద, వానల మీద పద్యాలు రాశాడు. మా ఇంట్లో ఇప్పటికీ మిరుగు నాడు చేపలు వండాల్సిందే, గోల్కొండ రాజు నోట అదే మాట ఉంటే అడగాల్సినవి నాకు ఎన్ని ఉంటాయి? మైకు ఆన్ చేసేలోపే టైమ్ అయిపోయిందన్నారు.

నోట్సు ఉర్దూ లిపిలో పంపారు, రెండుసార్లు మెయిల్ పెడితే గానీ రోమన్‌లో రాలేదు. రికార్డింగులు నెల రోజులు ఉంటాయి, మొదటి రెండూ స్పీడు పెంచి వినేయండి. వచ్చే బ్యాచ్‌లో దక్కనీకి రెండు ఆదివారాలిస్తే నేను మళ్ళీ ఫీజు కడతాను.