సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు: ఎనిమిదేళ్లు, 1,30,000 కిలోమీటర్ల తర్వాత

2017 ఉగాదికి ఈ కారు కొన్నాం. చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు. అప్పటికి మన దేశంలో కారుకి బ్యాగు ఉండాలన్న రూలే లేదు, డ్రైవరు బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి అయింది, పక్క సీటుది 2021లో. అందుకని రెండు బ్యాగులున్న మోడల్ కోసం కొంచెం ఎక్కువే పెట్టాం. మైలేజీ గురించి, ఏసీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను అవి రాయను. బెల్టులు, బ్యాగుల గురించే రాస్తాను, ఎందుకంటే మా కారులో అవి ఒకసారి నిజంగానే పనిచేయాల్సి వచ్చింది, అప్పుడు నలుగురం లోపల ఉన్నాం.

2023 సంక్రాంతి, భోగికి ముందురోజు. తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. పండక్కి ఆ రోడ్డు మీద వెళ్లేవాళ్లందరికీ పంతంగి టోల్ దగ్గర ఎలా ఉంటుందో తెలుసు, అక్కడ పోయిన టైమును ముందుకెళ్లి పూడ్చుకుందామన్న తొందర అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. పక్కన నా భార్య, తన వెనక అమ్మ, నా వెనక బావమరిది. పాప వారం ముందే మా నాన్నతో రైల్లో వెళ్లిపోయింది. నకిరేకల్ దాటాక పొగమంచు కమ్మేసింది. ఎనభైలో పోతున్నాను, ఆ మంచులో అది చాలా ఎక్కువ, ఇప్పుడైతే అలా పోను. లైట్లు, ఇండికేటర్లు ఏవీ లేకుండా ఒక డీసీఎం వ్యాను ఎడమ లేన్‌లో ఆగి ఉంది. కనిపించగానే బ్రేకు గట్టిగా తొక్కాను, పక్కకు తిప్పాను, అయినా దాని వెనక మూలకి గుద్దేశాం. గుద్దేసరికి స్పీడు యాభై దగ్గర ఉంటుందని నా అంచనా.

చప్పుడు గుర్తుంది. బ్యాగు తెరుచుకోవడం మాత్రం గుర్తులేదు, కళ్లు తెరిచేసరికి అది అప్పటికే చప్పబడి స్టీరింగ్ మీద గుడ్డలా వేలాడుతోంది. కారంతా తెల్లటి పొడి, టపాకాయలు కాల్చిన వాసన. నా భార్య బండి అంటుకుందని అరిచింది. అది మంట కాదు. బ్యాగులో గ్యాసు నింపేది చిన్న మందుగుండు లాంటి ఏర్పాటే, దాని పొగ అది. తెల్ల పొడి మడతపెట్టిన బ్యాగు అతుక్కోకుండా చల్లేది. ఈ సంగతి ముందే తెలిసుంటే మేం అంత కంగారుగా తలుపులు తెరుచుకుని హైవే మీదకి దూకేవాళ్లం కాదు, వెనకనుంచి ఏ బండీ రాకపోవడం మా అదృష్టం.

ఇక ఎవరికి ఏమైంది అన్నది. నా భార్యకి బెల్టు ఆనినచోట కమిలింది, ముంజేతి మీద చర్మం గీసుకుపోయింది, అంతే. అమ్మకి కుడి నడుము నుంచి ఎడమ భుజం దాకా బెల్టు వెడల్పున నల్లటి చార పడింది, మూడు వారాలు పట్టింది పోవడానికి, ఎముకలకి ఏమీ కాలేదు. అరవై నాలుగేళ్ల మనిషి, షుగర్ ఉంది. నాకు ఒక పక్కటెముక చిట్లింది. బావమరిదికి మోకాలి చిప్ప పగిలింది, పై పన్ను ఒకటి ఊడింది, నుదుటి మీద పదకొండు కుట్లు. మా నలుగురిలో బెల్టు లేనిది అతనొక్కడికే. నా పక్కటెముక చిట్లింది కూడా స్టీరింగ్ వల్ల కాదని తర్వాత అర్థమైంది. అతను వెనకనుంచి వచ్చి నా సీటుని గుద్దితే సీటు వెనక భాగం వంగి నన్ను ముందుకి నెట్టింది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి, నేను ఆసుపత్రిలో కూర్చుని కాగితం మీద వేసుకున్నది. గంటకి యాభై కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. కారు ముందు భాగం నలిగి ఆగడానికి సెకనులో పదోవంతు పట్టిందనుకుందాం. కారు ఆగింది గానీ లోపల మనిషి ఆగలేదు, అతను ఇంకా అదే 14 మీటర్ల వేగంతో పోతున్నాడు. అతన్ని అంత తక్కువ సమయంలో ఆపాలంటే వాడి బరువుకి సగటున పద్నాలుగు రెట్ల బలం కావాలి. డెబ్బై కిలోల మనిషికి దాదాపు ఒక టన్ను. ఆ టన్ను బరువు ఎవరో ఒకరు మోయాలి, బెల్టు మోస్తుంది, లేకపోతే ముందు సీట్లో ఉన్నవాడి వీపు మోస్తుంది. చేతులతో ముందు సీటు పట్టుకుంటే ఆపుకోవచ్చని వెనక కూర్చునే వాళ్లందరూ అనుకుంటారు, బావమరిది కూడా అలాగే పట్టుకున్నాడట. యాభైలో గుద్దడమంటే పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి కింద పడ్డంత. అంత ఎత్తు నుంచి పడుతూ చేతులు అడ్డం పెట్టి ఆపుకోగలమా? పైగా స్పీడు రెట్టింపయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

ఎనిమిదేళ్ల వాడకం తర్వాత నేను తేల్చుకున్నది ఇదీ: పనంతా బెల్టుది, బ్యాగు దానికి సాయం. కారు స్టీరింగ్ మీద రాసుండే ఎస్‌ఆర్‌ఎస్ అన్న మూడక్షరాల్లో మొదటిది సప్లిమెంటల్, దాని అర్థమే అది, తోడుగా ఉండేది అని. బెల్టు మనిషిని సీటుకి పట్టి ఉంచుతుంది, ఆ బలాన్ని మెత్తటి పొట్ట మీద కాకుండా కటి ఎముక మీద, ఛాతీ ఎముకల మీద, భుజం మీద పరుస్తుంది. ముందు సీట్ల బెల్టులో ప్రిటెన్షనర్ ఉంటే గుద్దిన వెంటనే చిన్న మందుగుండుతో బెల్టుని వెనక్కి బిగలాగుతుంది, ఆ తర్వాత ఛాతీ మీద ఒత్తిడి మరీ ఎక్కువైతే కొద్దిగా వదులుతుంది. ఆ బిగింపు తర్వాత తలా, ఛాతీ ముందుకి ఊగి స్టీరింగ్‌కి తగలబోయే చివరి కాస్త దూరంలోకి బ్యాగు వస్తుంది. సెన్సరు కనిపెట్టి బ్యాగు నిండేసరికి రెప్పపాటు కూడా పట్టదు, సెకనులో మూడు నాలుగు వందోవంతులే. నిండిన వెంటనే వెనక ఉన్న రంధ్రాల్లోంచి గాలి వదిలేస్తుంది, అలా వదలడమే దాని పని, లేకపోతే బంతిని గోడకి కొట్టినట్టు మనిషి వెనక్కి ఎగిరిపడతాడు.

బెల్టు లేకుండా బ్యాగొక్కటే ఉంటే? బ్రేకు తొక్కినప్పుడే మనిషి ముందుకి జారిపోతాడు, బ్యాగు తెరుచుకునే టైముకి ముఖం దాని మీదే ఉంటుంది, గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికి వచ్చేది నేరుగా ముఖానికి తగులుతుంది. బ్యాగులున్నాయి కదా అని బెల్టు మానేసేవాళ్లకి ఇది చెప్పాలి. బ్యాగు ఒక్కసారే పనిచేస్తుంది కూడా. డివైడర్‌కి కొట్టి, పల్టీ కొట్టి, చెట్టుకి తగిలే ప్రమాదంలో రెండో దెబ్బకి, మూడో దెబ్బకి మిగిలేది బెల్టే. ఈ మూడు చోట్ల పట్టుకునే బెల్టుని నిల్స్ బోలిన్ అనే ఇంజినీరు వోల్వో కంపెనీలో తయారుచేస్తే 1959లో కార్లలో పెట్టారు, పేటెంటుని మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చారు. అరవై ఏళ్లు దాటినా రూపం పెద్దగా మారలేదంటేనే అది ఎంత బాగా కుదిరిందో తెలుస్తుంది.

షోరూంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఎన్ని బ్యాగులు అని. ఆరు బ్యాగులు తప్పనిసరి చేస్తామని కేంద్రం 2022లో ముసాయిదా తెచ్చింది, 2023లో తప్పనిసరి చేయబోమని చెప్పింది. డబ్బు పెట్టగలిగితే ఆరూ తీసుకోండి, పక్కనుంచి గుద్దే ప్రమాదాల్లో ముందు బ్యాగులు తెరుచుకోవు, అక్కడ తలకి అడ్డం పడేది తలుపు అద్దాల పైనుంచి దిగే కర్టెన్ బ్యాగే. కానీ వెనక సీటు బెల్టులు దూర్చి లాక్ చేసే బకిల్స్ ఎక్కడున్నాయి అని షోరూంలో అడిగినవాళ్లని నేను చూడలేదు. నేనూ అడగలేదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. కారు కొన్న వారానికే సీటు కవర్లు వేయించాను. వేసిన షాపతను వెనక బకిల్స్ మూడూ సీటు కిందకి తోసేసి పైన కవరు బిగించాడు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఐదేళ్లు అవి అక్కడే ఉన్నాయి, నేను పట్టించుకోలేదు. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు, వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు, అంత ఖరీదైన కారు, అన్ని బ్యాగులు ఉండి కూడా. అది చదివిన రోజు రాత్రే కిందకి వెళ్లి సీటు లేపాను. ఎడమ పక్క బకిల్ ఒకటి బయటికి లాగాను, కుడి పక్కది కవరు కుట్టులో ఇరుక్కుని రాలేదు. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. నాలుగు నెలల తర్వాత అమ్మ కూర్చున్నది ఎడమ పక్క, బావమరిది కూర్చున్నది కుడి పక్క. బయల్దేరేటప్పుడు అతను వెతికాడు కూడా. "బావా, ఇక్కడ బకిల్ లేదే" అన్నాడు. "పర్లేదులే, వెనకే కదా" అన్నాను నేను. ఆ మాట నేనే అన్నాను, ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే.

అమ్మ కూడా బెల్టు అంత తేలిగ్గా పెట్టుకోలేదు. చీర నలుగుతుందంది, గుంజితే రావట్లేదంది. గుంజితే రాదు, మెల్లగా లాగితే వస్తుంది, గట్టిగా లాగగానే పట్టేయడమే దాని పని. ఇది తెలియక బెల్టు పాడైందనుకుని వదిలేసే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, ఒక్కసారి చేత్తో చూపిస్తే చాలు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తొడలకి పైన, నడుము ఎముక మీద ఉండాలి. నా భార్య కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ కూడా ఇదే చెప్పింది, పొట్ట కిందనుంచి ఒక పట్టీ, ఛాతీ మధ్యనుంచి ఒక పట్టీ, మానొద్దు అని. మంటలొస్తేనో, కాలవలో పడితేనో బెల్టు వల్ల బయటికి రాలేమని భయపెట్టేవాళ్లున్నారు. మా కారు ముందు భాగం అంత నలిగినా నాలుగు తలుపుల్లో మూడు తెరుచుకున్నాయి, బకిల్స్ ఒక్క నొక్కుడుకి ఊడాయి. స్పృహలో ఉంటేనే కదా ఎవరైనా బయటికి రాగలిగేది, ఆ స్పృహ ఉండేట్టు చేసింది బెల్టే.

రిపేరు విషయానికి వస్తే, బ్యాగులు రెండు, వాటి కంట్రోల్ మాడ్యూలు, ముందు బెల్టులు రెండు, డాష్‌బోర్డు అన్నీ మార్చాల్సిందే, తెరుచుకున్న బ్యాగుని మళ్లీ మడిచి పెట్టడం కుదరదు. మామూలు పాలసీలో ఎయిర్‌బ్యాగులకి కూడా రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లలాగే 50 శాతం తరుగు కోస్తారు, నా దగ్గర తరుగు కోయని జీరో డెప్ పాలసీ ఉండబట్టి తప్పించుకున్నాను. కానీ బండి చేతికిచ్చాక ఒక సంగతి గమనించాను. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. మాది అసలు వెలగలేదు. వేరే చోట స్కాన్ చేయిస్తే డ్రైవరు బెల్టు మార్చకుండా పాతదే బిగించారని, దాని ప్రిటెన్షనర్ అప్పటికే కాలిపోయి ఉందని, తప్పు కనిపించకుండా ఆ లైటు వైరే తీసేశారని తేలింది. బిల్లులో మాత్రం కొత్త బెల్టు రాసి ఉంది. గొడవపడి మార్పించుకున్నాను. రిపేరు నుంచి వచ్చిన కారైనా, సెకండ్ హ్యాండ్ కారైనా ముందు ఆ లైటు చూడండి, వెలిగి ఆరితేనే నమ్మండి. పాత కారు కొంటుంటే చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీ బండిని వెనక్కి పిలవడం, ఉందేమో కూడా చూడండి. టకాటా కంపెనీ బ్యాగుల్లో మందు ఏళ్ల తరబడి వేడికి, ఉక్కపోతకి చెడిపోయి, తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు విసిరేది. మన కోస్తా ఎండల్లో అలాంటిది పెట్టుకుని తిరగకూడదు.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి చెప్తాను. డాష్‌బోర్డు మీద పక్క సీటు బ్యాగు తెరుచుకునే చోట మేం అతికించిన వినాయకుడు ప్రమాదంలో వెనక అద్దం దాకా ఎగిరి వెళ్లి పడ్డాడు, నా భార్య చెంప పక్కనుంచి పోయి ఉంటాడు. ఇప్పుడు చిన్న పటం ఒకటి గ్లోవ్ బాక్స్ లోపల ఉంది. నా భార్య ఎత్తు తక్కువ, స్టీరింగ్‌కి దగ్గరగా జరిగి నడిపేది, ఇప్పుడు సీటు వెనక్కి, ఎత్తుకి సర్దుకుని ఛాతీకి స్టీరింగ్ మధ్యకి కనీసం 25 సెంటీమీటర్లు ఉండేట్టు చూసుకుంటోంది. పాపని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం పూర్తిగా మానేశాం. అదే లెక్క వేస్తే, పదిహేను కిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు వందల కిలోలకి పైన బరువవుతుంది, ఏ తల్లి చేతులూ పట్టుకోలేవు, పైగా ఎదురుగా బ్యాగు. వెనక చైల్డ్ సీటు కొన్నాం, మొదటి వారం ఏడ్చింది, తర్వాత అది తన కుర్చీ అని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. బెల్టు పెట్టుకోకుండా అలారం ఆపే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్మేవారు, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు పెద్ద సైట్ల నుంచి తీయించింది, షాపుల్లో మాత్రం ఇంకా చూశాను. దయచేసి కొనకండి.

బావమరిది ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. పోయిన నెల ఇద్దరం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి క్యాబ్‌లో వెళ్తుంటే వెనక బకిల్స్ కనపడలేదు, కవరు కింద ఉన్నాయి. "వెనక ఎవరూ అడగరు సార్" అన్నాడు డ్రైవరు. బావమరిది ప్యాంటు పైకి మడిచి మోకాలి మీది కుట్లు చూపించాడు. ఆ అబ్బాయి ఇంకేమీ మాట్లాడకుండా పెట్రోల్ బంకులో బండి ఆపి, సీటు లేపి, మూడు బకిల్స్ తీసి, మట్టి దులిపి పైన పెట్టాడు.