ఆఫీసు పోర్టల్‌కి లైఫ్‌రేనా, షేర్‌పాయింటా?

గుంటూరు మిర్చి ఎగుమతిదారులైనా, విజయవాడ ఆటోనగర్ వ్యాపారులైనా పోర్టల్ (సంస్థలోని వాళ్లంతా ఫైళ్లు, సమాచారం ఒకేచోట చూసుకునే వెబ్‌సైట్) అనగానే అడిగేది ఒకటే: "ఎక్కువమంది ఏది వాడుతున్నారు?" తేల్చడం కష్టం. లైఫ్‌రే లాంటి ఓపెన్ సోర్స్‌ను (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్‌లతో, మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింట్ లాంటి కమర్షియల్‌ను అమ్మిన లైసెన్సులతో లెక్కపెడతారు. డౌన్‌లోడ్ చేసినవాళ్లంతా వాడరు. షేర్‌పాయింటేమో ఔట్‌లుక్, ఎక్సెల్ ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్లు చాలావాటితో కలిసే వస్తుంది, తెరవనివాళ్లూ లెక్కలోకి వస్తారు. అందుకే నేను ఈ అంకెలను నమ్మను.

ఖర్చు: లైఫ్‌రే కమ్యూనిటీ ఎడిషన్‌కి లైసెన్స్ ఫీజు లేదు. సర్వరు ఖర్చు, జావా (లైఫ్‌రేని రాసిన ప్రోగ్రామింగ్ భాష) తెలిసిన మనిషి జీతం మీవే. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కి తలకింత చొప్పున కడుతూనే ఉండాలి.

శ్రమ: షేర్‌పాయింట్ తేలిక.

రిస్క్: అసలు చూడాల్సింది ఇదే. ఇలాంటిదే మరో కమర్షియల్ సాఫ్ట్‌వేర్, ఐబీఎం వెబ్‌స్ఫియర్ పోర్టల్, 2019లో హెచ్‌సీఎల్ కంపెనీ చేతికి వెళ్లింది. కొన్నవాళ్ల ప్రమేయం ఏమీ లేదు. ఓపెన్ సోర్స్‌లో కోడ్ మీ దగ్గరే ఉంటుంది, కానీ అది తెలిసిన ఒక్క కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోతే టెన్షన్ మొదలు.

ఇరవైమంది ఆఫీసై, ఔట్‌లుక్, ఎక్సెల్ ఇప్పటికే వాడుతుంటే షేర్‌పాయింట్ తీసుకోండి. వేలమంది విద్యార్థులున్న కాలేజీకి, ఇద్దరు జావా డెవలపర్లుంటే, లైఫ్‌రే.