గప్పీలా, మోలీలా? మొక్కల తొట్టికి ఏవి మేలు

మొక్కలు పెంచే అక్వేరియం తొట్టిలో వేసుకునే చిన్న చేపలు గప్పీలూ మోలీలూ కాస్త కఠినమైన (లవణాలు ఎక్కువున్న) నీళ్లను ఇష్టపడతాయి కాబట్టి, మన వరంగల్ బోరు నీళ్లతో రెండింటికీ పేచీ లేదు. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి.

తేడా జాగా దగ్గర మొదలవుతుంది. గప్పీ రెండంగుళాలు దాటడం అరుదు. 40 లీటర్ల తొట్టిలో ఒక మగకు రెండు ఆడవాటి లెక్కన చిన్న గుంపు హాయిగా ఉంటుంది. మోలీ మూడు నాలుగంగుళాలు పెరుగుతుంది, మురికీ ఎక్కువే. 80 లీటర్లకు తక్కువైతే నేను వద్దనే అంటాను.

మొక్కల సంగతికొస్తే, మోలీ ఆకుల మీది పాచిని గీకి తింటుంది, అది లాభమే. ఆకలేస్తే లేత ఆకుల్నీ వదలదు. దానికి రాయికి కట్టిన అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టివే తట్టుకుంటాయి. గప్పీలకైతే జావా మాస్, హార్న్‌వర్ట్ దట్టంగా ఉండాలి. సుమారు 4 వారాలకోసారి ఈనుతాయి. ఆడదాని తోక ముందున్న నల్లమచ్చ ముదిరి, పొట్ట నలుచదరంగా కనిపిస్తే రోజులు దగ్గరపడ్డట్టే. పుట్టిన పిల్ల మాస్‌లోకి దూరకపోతే తల్లే మింగేస్తుంది. ఎంత ముద్దుగా ఈదుతాయో ఆ చుక్కంత పిల్లలు! ఎక్కువైతే తెలిసినవాళ్లకివ్వండి, భద్రకాళి చెరువులో మాత్రం వదలొద్దు.

కొత్తవాళ్లకు నా ఓటు గప్పీలకే. మే నెల ఎండల్లో నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుంది, రాత్రి మొక్కలూ దాన్నే పీల్చుకుంటాయి. ఏ చేపలున్నా, ఆ రాత్రుళ్లు గాలి పంపు ఆపకండి.