పిల్లల బీపీ: ఇంట్లో చూడటం మేలా, 24 గంటల మిషన్ మేలా?

ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ బిడ్డ బీపీ ఎక్కువే కనిపిస్తోంది. అది నిజంగా బీపీయేనా, డాక్టరును చూసి బెదిరినందువల్లా? జబ్బు ఉందో లేదో తేల్చడానికైతే, పగలూ రాత్రీ ఒంటిమీదే ఉండి తనంతట తానే బీపీ చూసే 24 గంటల మిషన్‌దే పైచేయి. ఇంటి మిషన్ రాత్రిపూట ఏం జరుగుతుందో చెప్పలేదు మరి.

నిద్రలో బీపీ పగటికంటే కనీసం 10 శాతం తగ్గాలి. కిడ్నీ జబ్బున్న పిల్లల్లో చాలామందికి అలా తగ్గదు. పగలు ఆస్పత్రిలో మామూలుగా ఉన్నా, రాత్రి పెరిగి ఉండొచ్చు. బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) సన్నబడి ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ ఇలా దాగిన బీపీ ఉంటుంది. వాళ్లకు బీపీ చూసేందుకు గాలి నింపే పట్టీ కుడిచేతికే కట్టాలి. మిగతావాళ్లకు రాసే చేయి వదిలేసి రెండోదానికి కడతారు.

ఎక్కువ పొరపాట్లు పట్టీ దగ్గరే. జబ్బ మధ్యలో చుట్టుకొలత తీయాలి. పట్టీలో గాలి నిండే సంచి వెడల్పు అందులో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. పట్టీ చిన్నదైతే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

మిషన్ పగలు 15–20 నిమిషాలకు, రాత్రి 20–30 నిమిషాలకు ఒకసారి గాలి నింపుతుంది. పట్టీ బిగుసుకోగానే బిడ్డ ఆట ఆపి, చేయి కదల్చకుండా వదులుగా ఉంచాలి. కదిపితే ఆ రీడింగ్ చెడుతుంది, మిషన్ కాసేపటికి మళ్లీ నింపుతుంది, బిడ్డ విసిగి ఊడబీకేస్తాడు. ఇది ముందే చెప్పి, ఒకటి రెండు రీడింగులు అక్కడే తీసి చూపించాకే ఇంటికి పంపాలి. ఆ రోజు స్నానం, ఈత వద్దు. బడికి మాత్రం వెళ్లొచ్చు, మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలియాలి కదా. పడుకున్న, లేచిన వేళలు రాసిపెట్టాలి. అవి తప్పితే పగటి సగటు, రాత్రి సగటు కలగాపులగమవుతాయి. గంటకు కనీసం ఒక సరైన రీడింగ్, మొత్తం 40కి తగ్గకుండా ఉంటేనే రిపోర్టును నమ్మాలి.

13 ఏళ్లు దాటినవాళ్లలో 24 గంటల సగటు 125/75, పగలు 130/80, రాత్రి 110/65 హద్దులు. అంతకన్నా చిన్నవాళ్లకు ఎత్తు, ఆడా మగా అన్నదాన్నిబట్టి పట్టికలున్నాయి.

మందు మొదలయ్యాక అది పనిచేస్తోందా అని మధ్యమధ్యలో చూసుకోవడానికి ఇంటి మిషనే హాయి. మణికట్టుకు పెట్టేది వద్దు. జబ్బకు కట్టేది, పిల్లల్లో పరీక్షించి సరైనదని తేలినది కావాలి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టి, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున వారం చూసి సగటు తీయాలి. పెద్ద అంకె వచ్చిందని వరసగా ఐదారుసార్లు నొక్కితే బిడ్డ కంగారుపడి అది ఇంకా పెరుగుతుంది. తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ తోడైతే మాత్రం ఏ మిషన్ కోసమూ ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఐదేళ్లలోపు పిల్లలు 24 గంటల పట్టీని సాధారణంగా ఓర్చుకోలేరు, వాళ్లకు పోల్చిచూసే పట్టికలూ సరిగా లేవు. వాళ్ల విషయంలో ఆస్పత్రిలో నింపాదిగా, సరైన పట్టీతో, వేర్వేరు రోజుల్లో చూసిన బీపీయే ఆధారం.