విల్లు ఆన్‌లైన్‌లోనా, ఆర్చరీ షాపులోనా?

ఆన్‌లైన్‌లో రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండేది) చవక, ఇంటికే వస్తుంది. దాని గురించి అంతకుమించి చెప్పేదేం లేదు.

షాపులో ముందు మిమ్మల్ని కొలుస్తారు. చేతులు బార్లా చాపిస్తారు. ఆ కొలతను 2.5తో భాగిస్తే నారి ఎంత దూరం లాగగలరో సుమారుగా తేలుతుంది. విల్లు మీద రాసే పౌండ్లు, అంటే నారి లాగడానికి పట్టే బలం, 28 అంగుళాల లాగుడుకి లెక్క. మీ లాగుడు అంగుళం తగ్గితే దాదాపు 2 పౌండ్లు తగ్గుతాయి. ఇదేమీ తెలియక ఉత్సాహంగా 40 పౌండ్లది తెప్పించుకున్నవాళ్లకి భుజం పట్టేస్తుంది, విల్లు అటకెక్కుతుంది. కొత్తలో పెద్దవాళ్లకైనా 20–25 చాలు.

బాణం ఇంకా పేచీ. కుడిచేతివాటం వాళ్లకి అది మరీ బిరుసైతే ఎడమకి, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. మనం గురిని సర్దుకుంటూ కూర్చుంటాం. తప్పు బాణానిదా, నారి వదిలే వేళ్లదా అన్నది పక్కన నిలబడ్డ కోచ్‌కే కనిపిస్తుంది. విజయవాడ నుంచి జ్యోతి సురేఖ, ధీరజ్ లాంటి ఆర్చర్లు వచ్చారంటే అక్కడ నేర్పేవాళ్లు ఉండబట్టే.

కానీ జనం షాపులో పట్టి చూసి, సలహా అడిగి, ఆన్‌లైన్‌లో కొంటున్నారు (అదీ షాపులోనే నిలబడి, ఫోన్‌లో!). అలాగైతే షాపు అద్దె ఎవరు కట్టాలి?

నా మాట: మొదట అకాడమీ విల్లుతో నేర్చుకోండి, సొంత విల్లు షాపులో కొనండి. గ్లవ్, ఆర్మ్‌గార్డ్ (నారి తగలకుండా ముంజేతికి కట్టుకునేది) ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఫర్వాలేదు.