నాన్న కోసం మెకంజీ పుట్టిన దీవికి: స్కాట్లాండ్‌లో ఐదు రోజులు, ఒక మంచి గైడ్, ఒక మోసం

స్కై దీవిలో బస ఖాళీ చేసే రోజు పొద్దున ఇంటావిడ తన పుస్తకం తెరిచి మాకు చూపించింది. గదికి 110 పౌండ్లు. అదే గదికి టూర్ ఏజెన్సీ మా దగ్గర తీసుకున్నది 235. రెండు గదులు కాబట్టి ఒక్క రాత్రికే 250 పౌండ్లు ఎక్కువ కట్టాం. మా ఆయన ఆ అంకెల వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. బూట్లు వేసుకుని బయటికెళ్లి వ్యాన్ దగ్గర నిలబడ్డాడు. నాకు మాత్రం ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఆ ఏజెన్సీ పంపిన డ్రైవర్ గైడ్ మాత్రం బంగారం లాంటి మనిషి. ఈ రెండూ చెప్పాలనే రాస్తున్నాను.

ముందు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. మేముండేది మాంచెస్టర్‌లో. మా అమ్మానాన్నలు మంగళగిరి నుంచి వేసవికి వచ్చారు. నాన్నది చేనేత కుటుంబం. ఇరవై రెండేళ్ల దాకా మగ్గం మీదే ఉండి, తర్వాత తెలుగు మాస్టారై రిటైరయ్యారు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్తే అమరావతి శిల్పాల దగ్గరే గంటన్నర కూర్చున్నారు. బయటికొచ్చాక ఒక్క మాట అడిగారు. "మెకంజీ పుట్టిన ఊరు ఈ దేశంలోనేగా, అక్కడికి వెళ్లడం కుదురుతుందా అమ్మా?"

కల్నల్ కాలిన్ మెకంజీ. తెలుగు చరిత్ర కాస్త చదివిన వాళ్లకు ఈ పేరు చెప్పాల్సిన పని లేదు. మన ఊళ్ల కైఫియత్తులు, అంటే ఊరూరి చరిత్ర రాతలు, ఈ రోజు చదువుకుంటున్నామంటే ఆయన, ఏలూరు నుంచి వెళ్లి ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, బొర్రయ్య తమ్ముళ్లే కారణం. అమరావతి స్తూపాన్ని మెకంజీ మొదటిసారి చూసింది 1797లో. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పుట్టింది మాత్రం స్కాట్లాండ్‌కు వాయవ్యాన, అట్లాంటిక్ అంచున ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్లో. మాంచెస్టర్ నుంచి కూడా అది సామాన్యమైన దూరం కాదు. నాన్నకు మోకాళ్ల నొప్పి, అమ్మ పూర్తి శాకాహారి, మా అమ్మాయికి పదిహేనేళ్లు. అందుకే ప్రైవేట్ టూర్ తీసుకున్నాం.

లెక్క ఇది. గైడ్, ఎనిమిది సీట్ల వ్యాన్ కలిపి రోజుకు 650 చొప్పున ఐదు రోజులకు 3,250. నాలుగు రాత్రులకు రెండేసి గదులు, 1,880. ఫెర్రీలు, "ఏర్పాట్ల ఖర్చు" కలిపి 510. మొత్తం 5,640 పౌండ్లు. మన డబ్బుల్లో ఆరు లక్షల పైమాటే. భోజనాలు మావే.

మొదటి రోజు ఇన్వర్నెస్, లాక్ నెస్, కలోడెన్ యుద్ధభూమి అన్నీ అనుకున్నట్టే జరిగిపోయాయి.

రెండో రోజు శనివారం. ఉల్లాపూల్ చేరగానే గైడ్ వ్యాన్‌ను సూపర్ మార్కెట్ ముందు ఆపి, "రేపటికి కావలసినవన్నీ ఇక్కడే కొనుక్కోండి" అన్నాడు. ఎందుకంటే రేపు ఆదివారం. లూయిస్ దీవిలో ఆదివారాన్ని ఇంకా నిష్ఠగా పాటిస్తారు. స్టోర్నోవేకు ఆదివారం ఫెర్రీ మొదలైందే 2009లో, అదీ పెద్ద గొడవ మధ్య. మ్యూజియం ఉండదు, నేతగాళ్ల షెడ్లు తెరవరు, ఆర్నోల్‌లోని పాతకాలపు గడ్డి ఇల్లు మూసేస్తారు. మా షెడ్యూల్లోనేమో ఇవన్నీ ఆదివారమే ఉన్నాయి! రోజులు మార్చమని తాను ఏజెన్సీకి మూడు వారాల ముందే చెప్పానని, వాళ్లు పట్టించుకోలేదని అప్పుడు చెప్పాడు. ఆయన లూయిస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఎవరి ఆచారాన్నీ తప్పు పట్టకుండా, ఎవరినీ తిట్టకుండా, రెండున్నర గంటల ఫెర్రీ ప్రయాణంలో కాగితం మీద కొత్త ప్లాన్ గీశాడు. ఆదివారం తలుపులు లేని చోట్లు, సోమవారం పొద్దున నేతావిడ ఇల్లు. ఆవిడకు ఫెర్రీలోంచే ఫోన్ చేసి ఒప్పించాడు.

ఆ సాయంత్రమే స్టోర్నోవే రేవు గట్టు మీద నడిచాం. ఇండియాకు రాకముందు మెకంజీ ఈ రేవులోనే కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. 1783లో మద్రాసు వచ్చాక మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు. 1821లో చనిపోతే కలకత్తాలోనే సమాధి చేశారు. గైడ్‌కు ఆయన సర్వేయర్ జనరల్ అని తెలుసు, శాసనాలు సేకరించాడని తెలుసు. కైఫియత్తుల గురించి తెలియదు. నాన్న గట్టు మీది ఇనప దిమ్మె మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు, నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తున్నాను. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ కరవులో ఎవరు వలసపోయారు, ఇవన్నీ కరణాల నోట విని రాయించిన కాగితాలని. గైడ్ చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "మా దీవి చరిత్ర కూడా ఇలా ఊరూరా ఎవరైనా రాయించి ఉంటే బాగుండేది" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర అయినా ఇంకా వెలుతురే. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి వినడం ఆ రోజు మొదటిసారి చూశాను.

రేవుకు అవతల కనిపించే ల్యూస్ కాజిల్ కథ కూడా గైడే చెప్పాడు. 1844లో దీవి మొత్తాన్ని కొన్న జేమ్స్ మాథెసన్ కట్టించిన కోట అది. ఆ డబ్బు చైనాకు నల్లమందు అమ్మి సంపాదించింది. ఆ నల్లమందు పండించింది మన దేశపు రైతులు. అది విన్నాక నాన్న ఆ కోట ఫొటో తియ్యొద్దన్నారు.

ఆదివారం ఊరంతా నిశ్శబ్దం. ఊరి బయట హోమ్ అనే చోట సముద్రం ఒడ్డున ఒక స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొస్తున్న నావికులతో అయోలెయిర్ అనే ఓడ 1919 జనవరి 1 తెల్లవారుజామున అక్కడి రాళ్లకు గుద్దుకుంది. 201 మంది చనిపోయారు. ఒడ్డు ఎంత దగ్గరో అక్కడ నిలబడి చూస్తే గుండె పట్టేస్తుంది. ఒకతను తాడు పట్టుకుని ఈది ఒడ్డెక్కితే, ఆ తాడు పట్టుకునే 40 మంది దాకా బయటపడ్డారట. చాలా ఏళ్లు ఈ మాట ఇళ్లలో ఎవరూ ఎత్తేవారు కాదని గైడ్ చెప్తుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం కలనిష్ నిలువురాళ్లు. ఐదు వేల ఏళ్ల కిందట నిలబెట్టినవి. టికెట్ లేదు, జనం లేరు. వ్యాన్‌లోనే పులిహోర, ఆవకాయ అన్నం తిన్నాం. గైడ్ పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

సోమవారం పొద్దున చూసిందే ఈ యాత్రలో నాకు అన్నిటికంటే విలువైనది. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట పేరు వినే ఉంటారు. ఉన్నికి రంగు వేయడం, వడకడం ఈ దీవుల్లోనే జరగాలి, నేత నేతగాళ్ల ఇళ్లలోనే చేత్తో జరగాలి అని 1993లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మేము వెళ్లిన ఆవిడకు అరవై దాటాయి. ఇంటి పక్క రేకుల షెడ్డులో కాళ్లతో తొక్కే పాత హాటర్స్‌లీ మగ్గం. షెడ్డంతా ఉన్ని నూనె వాసన. మేం వెళ్లేసరికి కొత్త పడుగు ఎక్కిస్తోంది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే ముడి వేసుకుంటూ పోవాలి. వందల ముళ్లు. నాన్న వంగి చూసి, "అచ్చు అతుకుతోంది!" అన్నారు. ఆ గొంతు మారడం నాకు తెలుసు.

ఆవిడ పక్కకు జరిగి స్టూలు చూపించింది. నాన్న కూర్చుని, రెండు పోగులు బొటనవేలికి చూపుడువేలికి మధ్య పట్టుకుని, అలవాటుగా ఎడమ పక్కకు చెయ్యి చాపారు. మా ఇంట్లో అక్కడ బూడిద చిప్ప ఉండేది, పోగులు జారకుండా వేళ్లకు అద్దుకోవడానికి. ఇక్కడ ఆ అవసరం లేదు, ఉన్ని దానంతట అదే అంటుకుంటుంది. నాన్న పోగుల్ని ముడి వేయలేదు, మెలి పెట్టి అతికారు. ఆవిడ లాగి చూసింది. ఊడలేదు. ఆవిడ ఇంకో రెండు పోగులు అందించింది. అలా పదకొండు పోగులు అతికారు. యాభై ఏళ్ల తర్వాత మగ్గం ముందు కూర్చున్న మనిషి! అప్పటిదాకా చలికి ముడుచుకుని, ఎప్పుడు ఇంటికి పోదాం అంటున్న అమ్మ, చిన్నప్పుడు తాను కండెలు చుట్టిన సంగతి నా చేత చెప్పించింది. నేతావిడ మా అమ్మ చేతికి ఉన్ని కండె ఇచ్చింది. తర్వాత నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "కూలి ఎవరిస్తారు, ఎంత గిడుతుంది?" పడుగు, నూలు మిల్లే పంపుతుందని, నేసినదానికి మిల్లు డబ్బిస్తుందని ఆవిడ చెప్పింది. "మా దగ్గర మాస్టర్ వీవర్ లాంటిదే. కానీ వీళ్లకు ఆ చట్టం ఉంది" అన్నారు నాన్న. మంగళగిరికి భౌగోళిక గుర్తింపు వచ్చినా మరమగ్గం బట్టను మంగళగిరి చీర పేరుతో అమ్మేస్తున్నారని ఆయన బాధ. మీటరు బట్ట 42 పౌండ్లకు కొన్నాం. చూడ్డానికి ఆవిడ రుసుమేమీ అడగలేదు.

ఆ ఆనందంలోనే లూయిస్‌కు దక్షిణాన ఉన్న హారిస్ దాటి, లస్కెంటైర్ తెల్ల ఇసుక చూసి, టార్బర్ట్‌లో ఫెర్రీ ఎక్కి స్కై దీవిలో దిగాం. అక్కడ ఎదురైంది ఏజెన్సీ ఘనకార్యం.

బుక్ చేసేటప్పుడే నేను మెయిల్‌లో రాశాను, నాన్నకు మెట్లెక్కడం కష్టం, కింది అంతస్తు గది కావాలి అని. "తప్పకుండా" అని జవాబు కూడా ఉంది. తీరా చూస్తే రెండు గదులూ అటక మీద. పదిహేడు మెట్లు, నిటారుగా, పట్టుకోవడానికి ఒక పక్క తాడు. బాత్రూం మధ్య అంతస్తులో, రెండు గదులకూ కలిపి ఒకటే. నాన్న మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కారు. రాత్రి రెండుసార్లు దిగాల్సి వచ్చింది, రెండుసార్లూ మా ఆయన లేచి ముందు నడిచాడు. కిటికీ తెరిస్తే మిడ్జీలు, కంటికి సరిగా ఆనని చిన్న దోమల్లాంటివి, గుంపులుగా వచ్చి పడ్డాయి. మూస్తే ఉక్క. అమ్మ మొహం, మెడ దద్దుర్లు తేలాయి. టెన్షన్‌తో నాకు నిద్రే లేదు.

ఇంటావిడది తప్పు లేదు. ఏజెన్సీ ఆమెకు కేవలం అయిదు రోజుల ముందు ఫోన్ చేసి ఏ గదులున్నా సరే అన్నదట. పెద్దవాళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. కింద తన సొంత గది ఖాళీ చేసిస్తానంది కూడా, నాన్నే వద్దన్నారు. అమ్మ తినేలా గుడ్డు లేకుండా బంగాళదుంప రొట్టెలు విడిగా కాల్చి పెట్టింది. పుస్తకం చూపించింది ఆ తర్వాతే.

చివరి రోజు స్కై కొండలు వానలో ఏమీ కనబడలేదు. దారిలో గైడ్‌ను సూటిగా అడిగాను. తనకు ఏజెన్సీ ఇచ్చేది రోజుకు 420, డీజిలు, వ్యాన్ తనవే. నేరుగా పిలిస్తే 480కి వస్తానన్నాడు. అంటే ఐదు రోజులకు 2,400. మేం కట్టింది 3,250.

ఏజెన్సీకి నా పాత మెయిల్, వాళ్ల జవాబు, గది రసీదు అన్నీ జతచేసి రాశాను. వచ్చే ప్రయాణానికి 75 పౌండ్ల వోచర్ ఇస్తామన్నారు. వద్దన్నాను. కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఏజెన్సీ వద్దు. ఆ దీవుల్లోనే పుట్టిన గైడ్‌ను నేరుగా మాట్లాడుకోండి, బసలు మీరే ఫోన్ చేసి బుక్ చేసుకోండి, పెద్దవాళ్లుంటే ఎన్ని మెట్లో అడగండి. లూయిస్‌లో ఆదివారం తప్పనిసరైతే శనివారమే తిండి కొనిపెట్టుకోండి. ఫెర్రీ టికెట్లు వేసవికి చాలా ముందే తీసుకోవాలి, వ్యాన్‌కు చోటు దొరకడమే కష్టం. జూన్‌లో వెళ్తే మిడ్జీలకు తలకు వేసుకునే వల కొనండి, మా దగ్గర అది లేకే అమ్మ అవస్థ పడింది.

పోయిన వారం గైడ్ నుంచి మెసేజ్ వచ్చింది. వచ్చే నెల హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వస్తోందట. రేవు దగ్గర వాళ్లకు కైఫియత్తుల సంగతి చెప్పాలనుకుంటున్నాడు, "బొర్రయ్య" అని సరిగ్గా ఎలా పలకాలి అని అడిగాడు. నాన్న ఫోన్ అందుకుని, ఒకసారి మామూలుగా, రెండుసార్లు నెమ్మదిగా పలికి రికార్డు చేసి పంపారు. కింద కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఆ ఫొటో కూడా జత చేశారు.