ఆకుపచ్చ ఇసుక తీరం: 40 డాలర్లు పోయాయి, 4 కిలోమీటర్లు నడిచాం

హవాయి పెద్ద దీవిలో మేం ఆరు రోజులున్నాం. మొదటి ఐదు రోజులూ హాయిగా గడిచిపోయాయి. కోనా ఊళ్ళో కాండో (అద్దె ఫ్లాట్) రోజుకి 189 డాలర్లు, పైన క్లీనింగ్ ఫీజు ఒకసారి 120. వంటగది ఉంది కాబట్టి ఆ ధరకి బాధపడలేదు. కారు అద్దె రోజుకి 78. నేను చెప్పాలనుకున్నది ఆరో రోజు గురించి. నేను చూసినవాటిలో అన్నిటికన్నా అందమైన చోటు అదే, మేం మోసపోయిందీ అక్కడే.

అప్పటికి మా పెళ్ళయి ఇరవై రెండు రోజులు. పొద్దున ఏడింటికి బయల్దేరి హైవే 11 మీద దక్షిణానికి వెళ్ళాం. గంటన్నరకి సౌత్ పాయింట్ రోడ్డు వచ్చింది. అక్కడ గాలి ఎంత బలంగా ఉంటుందో చెట్లని చూస్తే తెలుస్తుంది, అన్నీ ఒకే వైపుకి వంగి పెరిగాయి. ఆ రోడ్డు చివర కా లాయె. అమెరికా 50 రాష్ట్రాల్లో దక్షిణపు కొస అదే. ఫోటో తీసుకుని పచ్చ ఇసుక తీరానికి దారి మొదలయ్యే పార్కింగ్‌కి వచ్చేశాం.

కారు ఆపగానే ట్రక్కుల వాళ్ళు చుట్టూ చేరారు. తీరం అక్కణ్ణుంచి రెండున్నర మైళ్ళు, అంటే 4 కిలోమీటర్లు. "రానూపోనూ మనిషికి 20, క్యాష్ మాత్రమే" అన్నాడు ఒకతను. నాకు నడవాలని ఉంది. మా ఆయన మాత్రం "ఎండలో నడవలేవు, ఎక్కేద్దాం" అని అప్పటికే డబ్బులు తీస్తున్నారు. నేనేం మాట్లాడలేదు. వెనక తొట్టిలో మాతో కలిపి ఎనిమిది మందిమి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఆ కుదుపులకి దిగేసరికి చేతులు ఎర్రబడ్డాయి.

కానీ ఆ తీరం! పేరు పాపకోలేయ. దాదాపు 49,000 ఏళ్ళ కిందటి అగ్నిపర్వతపు చిన్న కొండ అది. దాన్ని సముద్రం సగం తినేసింది, మిగిలిన సగం గోడలా వంపు తిరిగి నిలబడింది. ఆ కొండ బూడిదలో ఆలివిన్ అనే పచ్చ ఖనిజం ఉంది. నల్లటి బూడిద తేలిక కాబట్టి అలలు దాన్ని లాక్కుపోతాయి, బరువైన పచ్చ రేణువులు ఒడ్డునే మిగిలిపోతాయి. చిన్న నిచ్చెన మీదుగా కిందికి దిగి గుప్పెడు చేతిలోకి తీసుకున్నాను. పొడిగా ఉన్నచోట పొట్టు పెసరపప్పు రవ్వలా ఉంది, అల తడిపిన చోట అచ్చం పెసరట్టు పిండి రంగు. ఎండ పడితే గాజులా మెరుస్తుంది. నాకు అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు.

అరగంటే ఉంటానని డ్రైవర్ మమ్మల్ని దించాక చెప్పాడు, డబ్బు తీసుకునేటప్పుడు చెప్పలేదు. మేం టైమ్ చూసుకుని ఇరవై ఎనిమిదో నిమిషానికి పైకి వచ్చాం. ట్రక్కు లేదు. వేరేవాళ్ళు దొరికితే ఎక్కించుకుని వెళ్ళిపోయాడట. పక్క ట్రక్కతను మళ్ళీ మనిషికి 20 అడిగాడు.

"పోనీ, ఇచ్చేద్దాం. హనీమూన్‌కొచ్చి గొడవెందుకు?" అన్నారు మా ఆయన.

"డబ్బు గురించి కాదండీ. ఒకసారి ఇచ్చినదానికి మళ్ళీ ఎందుకివ్వాలి? నడుద్దాం" అన్నాను.

ఇద్దరికీ ఒకటే నీళ్ళ బాటిల్. దారిలో నీడనేదే లేదు. ఎర్రమట్టి గాలికి లేచి కళ్ళలో పడుతోంది. మొదటి అరగంట ఆయన ముందు నడిచారు, ఒక్క మాట లేదు. నాకు కోపం, దిగులు రెండూ. కానీ నడిస్తేనే ఆ నేల కనిపించింది. ట్రక్కుల చక్రాలు కోసిన గాడులు కొన్నిచోట్ల నా నడుము లోతున్నాయి. అది 1921 చట్టం కింద హవాయి మూలవాసులకోసం కేటాయించిన భూమి. బళ్ళు నడపకూడదని బోర్డు కూడా ఉంది, వెళ్ళేటప్పుడు మేం చదవలేదు. 40 డాలర్లు పోయినదానికంటే ఆ గాడుల్లో మా బరువు కూడా ఉందన్న బాధ నాకు ఎక్కువైంది.

సగం దారిలో ఆయన ఆగి బాటిల్ నా చేతికిచ్చారు. "పొద్దున నీకు నడవాలని ఉంది కదా? చెప్పాల్సింది" అన్నారు. ఆయన గమనించారని నాకప్పటిదాకా తెలియదు. మిగతా దారంతా కబుర్లే. గంటా పది నిమిషాల్లో కారు దగ్గరున్నాం.

కాబట్టి ట్రక్కు ఎక్కకండి. ఎనిమిదిలోపు నడక మొదలుపెట్టండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, బూట్లు తప్పనిసరి. చెప్పులతో ఆ దారి నడవలేరు. ఇసుక తీసుకెళ్ళడం చట్టరీత్యా నేరం, మేం కారెక్కే ముందు బూట్లు దులిపేశాం.

ఆకలి మీద నాలేహు ఊళ్ళో పునలూ బేక్ షాప్‌కి వెళ్ళాం. పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన మలసాడ అనే తీపి బన్ను నూనెలో వేయించి ఇస్తారు. లిలికోయ్ (ప్యాషన్ ఫ్రూట్) పండు రసం పూసినది తినండి, పులుపూ తీపీ కలిసి అద్భుతం. రెండు మలసాడలు, రెండు కాఫీలు 14 డాలర్లు. పిండిలో గుడ్డు ఉంటుంది, తిననివాళ్ళు గుర్తుంచుకోండి.

దగ్గర్లోనే పునలూ నల్ల ఇసుక తీరం. వేడి లావా సముద్రంలో పడి పగిలి నల్ల నువ్వుల్లాంటి ఇసుకైంది. నాలుగు పెద్ద తాబేళ్ళు ఎండకి పడుకుని ఉన్నాయి. వాటికి దూరంగా ఉండాలన్న నియమాన్ని అక్కడ అందరూ పాటిస్తున్నారు, చూసి ముచ్చటేసింది. టికెట్ లేదు, ఎవరూ తొందరపెట్టలేదు. రెండు గంటలు కూర్చున్నాం.

సాయంత్రం అగ్నిపర్వతాల పార్కు. కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మేం చివరి రోజుకి పెట్టుకోవడం తప్పు. మొదటి రోజే వెళ్తే అదే టికెట్‌తో రోజూ రావచ్చు. అక్కడి కిలావేయా అగ్నిపర్వతం ఆ సాయంత్రం ఆవిరి మాత్రమే వదిలింది. నేను ఆ ఆవిరి వైపు చూస్తూ నిలబడితే, మా ఆయన మర్నాటి ఫ్లైట్ రెండు రోజులు వాయిదా వేస్తే ఎంతవుతుందో ఫోన్‌లో చూస్తున్నారు.